కంచె అవతలి మేకలోడు

గిద్దలూరు నుంచి ఫిఫ్తుఫారం పిల్లలు ఇరవైమంది కొండదారి పట్టారు. ముందు ఓబులయ్య నడుస్తున్నాడు. గొర్రెలను ఆ పూటకు భార్య యల్లమ్మ మీద వదిలి వచ్చాడు. యుద్ధకాలంలో ఇంగ్లీషు సర్కారు ఖైదీలను పెట్టిన శిబిరం చూపించమని ప్రకాశరావు పంతులు అడిగితే రెండుసార్లు కుదరదన్నాడు. మూడోసారి మాత్రం, "ఆడ గోరీల కాడి రాయి మీద ఏం రాసుండాదో పిల్లోళ్ళు చదివి చెప్తారా అయ్యవారూ?" అని అడిగి ఒప్పుకున్నాడు.

పదిహేనేళ్ళుగా ఆ చుట్టుపక్కలే గొర్రెలు మేపుతున్నాడు గాని ఆ రాయి దగ్గరికి ఏనాడూ పోలేదు. దాని పక్కన ఐదు గోరీలున్నాయి. అందులో ఒకడు తన మూలాన చచ్చినవాడేమోనని భయం. ఆ ఒకణ్ణి కావలివాడికి వేలుపెట్టి చూపించింది ఓబులయ్యే.

శిబిరంలో మిగిలింది మొండిగోడలు, నాలుగు సిమెంటు స్తంభాలు. ముళ్ళతీగె ఎప్పుడో చుట్టుపక్కల ఊళ్ళ దొడ్లకు చేరింది.

"ఖైదీలు తెల్లోళ్ళా మామా?" రత్నమ్మ అడిగింది. క్లాసులో ఉన్న ముగ్గురు ఆడపిల్లల్లో ఒకతె. నోరు ఊరుకోదు.

"తెల్లోళ్ళే. ఎండకు ఎర్రగా కమిలిపోయినారు."

"మనల్ని జైళ్ళలో పెట్టింది తెల్లోళ్ళు గదా! మరి వీళ్ళనెవరు పెట్టినారు?"

"ఆ తెల్లోళ్ళే."

పిల్లలు గొల్లుమన్నారు. వీళ్ళు ఇటలీ సిపాయిలనీ, యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళకు దొరికితే ఓడల్లో ఇంతదూరం తెచ్చారనీ పంతులు చెప్పాడు.

"అంటే దొరల్లో గూడా ఖైదీదొరలుంటారా సార్?" అన్నాడొక పిల్లవాడు.

"దొరేందిరా? ఒకడు మేకలోడు," ఓబులయ్య నోరుజారాడు.

అంతే, అందరూ చుట్టూ మూగారు. ఇక చెప్పక తప్పలేదు. ఒకడు కంచె సందులోంచి చేతులు పెట్టి మందలోని మేకను తనే పితుక్కునేవాడు. ముందు పొదుగు నిమిరేవాడు. ఆ నిమరడం చూసే వాడు మేకలు కాసినవాడని ఓబులయ్య పసిగట్టాడు. పాలకు బదులు సబ్బుబిళ్ళ ఇచ్చేవాడు.

"ఆ సబ్బు వాసనకు మా యల్లమ్మ మూడుదినాలు నన్ను గడప తొక్కనియ్యలే. ఏ దొరసాని కాడికి పోయొచ్చినావని!"

"తర్వాత?"

"తర్వాత కావలోడు పట్టుకున్నాడు."

ఊళ్ళో అందరికీ ఇన్నేళ్ళూ చెప్పిన మాటే అది. కావలివాడు తుపాకి మడమతో రెండు దెబ్బలేసి వాణ్ణి ఈడ్చుకుపోవడం కళ్ళారా చూశాడు. తెల్లారి మందను తోలుకుని కంభం పోయాడు. చెరువు కింద వరి కోతలయ్యాక ఎరువు కోసం చేలల్లో మందలు నిలపడం ఏటా ఉన్నదే. మూడు నెలలకు తిరిగొస్తే శిబిరం ఖాళీ. లోపల గోరీలున్నాయని జనం చెప్పారు.

అందరూ రాయి దగ్గరికి చేరాక రత్నమ్మ దాని మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని ఐదు పేర్లూ చదివింది. "ఇందులో ఆయన పేరు ఏది మామా?"

"పేరెవురడిగినారు? నా మందలో అరవై ఉండాయి. ఒక్కదానికీ పేరు లేదు. ఒక్కటి తప్పిపోయినా ఏ మొగం లేదో చెప్తా. మొగం గురించి ఏం రాయలేదా ఆడ?"

రత్నమ్మ మళ్ళీ రాయి మీదికి వంగింది.

"మొగం రాయలేదు మామా. చచ్చిపోయిన తేదీలుండాయి. ఆయన్ని ఆఖరున ఎప్పుడు చూసినావు?"

"మందను కంభం తోలే ముందురోజు."

"అది ఏ సంవత్సరం?"

"అదెట్ల తెలుస్తాది నాకు? ఆ నెలలోనే మా కాశమ్మ పుట్టింది, మంద కాడనే. వచ్చే పుష్యానికి పదిహేను నిండుతాయి దానికి."

రత్నమ్మ పుల్లతో నేల మీద లెక్క వేసింది. మళ్ళీ రాయి చూసింది. "సార్, వచ్చే పుష్యమంటే యాభైతొమ్మిది మొదట్లో. కాశమ్మ పుట్టింది నలభైనాలుగు మొదట్లో. ఈ ఐదుగురూ పోయింది నలభైమూడు ఆగస్టు, సెప్టెంబర్లలో."

"ఏదో జ్వరం తగిలి ఉంటుంది," అన్నాడు పంతులు.

"వీళ్ళు చచ్చి మూణ్ణెల్లు దాటినాక గూడా మీ మేకలాయన పాలు పితికినాడు మామా!"

ఓబులయ్య మళ్ళీ లెక్క వేయమన్నాడు. మళ్ళీ అంతే వచ్చింది.

"అంటే ఈడ లేడు."

"ఈడ లేడు."

"మరి యాడికి పోయినాడు?"

"అది రాయి చెప్పదు మామా."

ఓబులయ్య కింద కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఎవరూ అడగకుండానే అన్నాడు: "కావలోడు కనిపెట్టింది ఏం లేదు. పాలు పితికేదెవడో నేనే చూపించినా. చూపియ్యకుంటే గొర్రెలన్నిటినీ బందెలదొడ్డికి తోలిస్తానన్నాడు."

పంతులు తల దించుకున్నాడు. పిల్లలు దించుకోలేదు.

"తోలితే ఏమయ్యేది?" అంది రత్నమ్మ.

"ఆడ నీళ్ళు పెట్టరు. డబ్బు కట్టి విడిపించేసరికి సగం చస్తాయి."

"ఆ దొడ్డి ఇప్పుడుందా?"

"లేకేం? మొన్న గూడా అడివి గార్డు మావోళ్ళ మందను తోలినాడు. ఇప్పుడు మన సర్కారే గదా."

"పోయి చూద్దామా సార్?"

పంతులు ఎండవైపు చూసి, గడియారం చూసుకుని, ఓబులయ్య వైపు తిరిగాడు.

"దూరమేం లేదు," అంటూ ఓబులయ్య లేచాడు.