అన్న వీపు మీద గడ్డ

అన్నకు మోకాలి నొప్పి మొదలైనప్పుడు బండి నడపడం వల్లే అనుకున్నాం. తుర్కపల్లి ల్యాబుల్లో పనిచేసేవాళ్లను ఎక్కించుకొని రోజూ తిరిగేవాడు. పట్నంలో పరీక్షలు చేస్తే ఎముక క్యాన్సరని తేలింది. తొడ దాకా కాలు తీసేశారు. ఇంటికి తీసుకొచ్చినప్పుడు, శామీర్‌పేట ఫామ్‌హౌస్ దగ్గర ఎవరో వదిలేస్తే అన్న తెచ్చి పెంచుకున్న పెద్ద కుక్క ఎదురొచ్చింది. కాలు లేనిచోట వాసన చూసి, పోయి పడుకుంది.

తర్వాతి ఎండాకాలం అన్నకు స్నానం చేయిస్తుంటే వీపు మీద చేతికి గట్టిగా ఏదో తగిలింది. శనగగింజంత ఉంది.

"నొస్తుందా అన్నా?"

"లేదురా. చీమ కుట్టిందేమో. జల్దీ పొయ్యి, నీళ్లు సల్లగైతున్నయ్."

పోశాను.

కొద్దిరోజులకు మెడ మీద ఒకటి, తలలో ఒకటి లేచాయి. డాక్టరు ముక్క తీసి పరీక్షకు పంపాడు. ఎముకలో పుట్టిందే చర్మానికి పాకిందని, ఇలా రావడం అరుదని, ఊపిరితిత్తుల్లోనూ ఉందని చెప్పాడు. తలూపి బయటికొచ్చాను.

"ఏమన్నడు?" అన్నాడు బాపు.

"తోలు మీదికొచ్చిందట."

"తోలు మీదిదైతే మలాం రాస్తే పోదా?"

దారిలో మేడ్చల్‌లో బస్సు ఆగితే దిగి, బాపు మందుల దుకాణంలో మలాం కొన్నాడు. అన్న వద్దనకుండా రాయించుకున్నాడు.

వానలు పడకముందే అన్న పోయాడు. అమ్మ ఏడవలేదు. వచ్చినవాళ్లకు చాయ్ పెట్టింది. నాకూ ఏడుపు రాలేదు. పనికి పోయాను, వచ్చాను.

కొన్నేళ్లకు కుక్క ముందుకాలితో కుంటడం మొదలుపెట్టింది. కాలు వాచింది. ఒకరోజు దాని పక్కటెముకల మీద నిమురుతుంటే తోలు కింద గట్టిగా తగిలింది. చెయ్యి తీసేశాను. పశువుల డాక్టరు పరీక్షలు చేసి, ఇదీ ఎముక క్యాన్సరేనన్నాడు.

"కుక్కలకు గూడ గిట్లొస్తదా సార్?"

"పెద్ద కుక్కలకు మనుషులకంటె ఎక్కువొస్తది. గని తోలు మీదికొచ్చుడు తక్కువ."

అది తినడం మానేశాక డాక్టరు ఇంటికొచ్చి, బాధ లేకుండా పోయేటట్టు సూది వేశాడు. అమ్మ దాని తల ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ఊపిరి ఆగాక కూడా దించలేదు. ఉన్నట్టుండి "కొడుకా, ఓ నా కొడుకా" అంటూ గుండెలు బాదుకుంది. అన్నాళ్లూ రాని ఏడుపంతా అప్పుడొచ్చింది.

పక్కింటామె ఉరికొచ్చింది. "ఏమైందే? ఎవరు వోయిన్రు?"

"కుక్క" అన్నాను.

అమ్మను పట్టుకొమ్మని ఆమెకు చెప్పి, గడ్డపార తేవడానికి పెరట్లోకి పోయాను.