ఒక్క చెంచా ప్రసాదం

2023 వేసవి. భీమవరంలో పిల్లల పళ్ళ డాక్టరుగా నాకది పద్నాలుగో ఏడు. మెడనొప్పి, నడుంనొప్పి అప్పటికే సొంతమైపోయాయి. ఓ మధ్యాహ్నం భోజనానికి లేవబోతుంటే నాలుగేళ్ల లాస్యని ఎత్తుకుని వాళ్ళమ్మ, నాయనమ్మ వచ్చారు. పళ్ళు నల్లబడ్డాయనీ, అన్నం నములుతుంటే ఏడుస్తోందనీ చెప్పారు.

కుర్చీలో కూర్చోబెట్టగానే ఒకటే గోల. అద్దం పెట్టబోతే నా వేలు కొరికింది. ఇక ఎక్స్‌రే సంగతి దేవుడెరుగు. కాసేపు తంటాలు పడి, ఆరు పళ్ళు నల్లగా కనిపించగానే జి.ఎ. అని రాసేశాను. అంటే జనరల్ అనస్థీషియా. పిల్లకి పూర్తి మత్తిచ్చి, పాడైన పళ్ళన్నీ ఒకేసారి బాగుచేయడమో, తీసేయడమో చేస్తాం.

"పాలపళ్ళే కదండీ, ఎలాగూ ఊడిపోతాయి. ఇంత చిన్నపిల్లకి మత్తేంటండీ?" అంది తల్లి. ఆమె కళ్ళనిండా భయమే.

"నోరే తెరవని పిల్లకి ఇంకెలా చెయ్యమంటారమ్మా?" అన్నాను. నాయనమ్మ ఏదో చెప్పబోయింది. నాకు వినే ఓపిక లేదు.

ఆపరేషన్ రోజు పొద్దున్నుంచీ పిల్లకి ఏమీ పెట్టొద్దని మరీమరీ చెప్పాను. మత్తులో ఉన్నప్పుడు తిన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. ఆ రోజు థియేటర్ బయట మత్తు డాక్టరు, "పాప ఏమైనా తిందా?" అని అడిగాడు.

"మంచినీళ్ళు కూడా ఇవ్వలేదండీ" అంది తల్లి.

"పెనుగొండ అమ్మవారి ప్రసాదం ఒక్క చెంచా పెట్టానండీ. ప్రసాదం తిండి కిందకి రాదు కదండీ" అంది నాయనమ్మ.

ఆపరేషన్ ఆగిపోయింది. నాకు ఒళ్ళు మండింది. "ఎన్నిసార్లు చెప్పానండీ! అయినా అంత మొండిపిల్ల మీ దగ్గర నోరెలా తెరిచింది?" అని అరిచాను.

"నా ఒళ్ళో పడుకుంటే తెరుస్తుందండీ. రోజూ పళ్ళు తోమేది నేనే కదా. ఆవేళ అదే చెప్పబోయానండీ."

ఆవిడ అక్కడే బల్లమీద కూర్చుని, పిల్లని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని కాకమ్మ కథ మొదలెట్టింది. లాస్య హాయిగా నోరు తెరిచింది. టార్చి వేసి తీరిగ్గా చూశాను. పుచ్చినవి రెండే. మిగతా నాలుగూ మరకలు.

"పాపకి ఐరన్ సిరప్ ఏమైనా పడుతున్నారా?"

"రక్తం తక్కువని ఆర్నెల్లుగా పోస్తున్నామండీ" అంది తల్లి.

ఐరన్ సిరప్ పళ్ళమీద నల్లమరకలు వేస్తుంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆరోజే అడగాల్సిన ప్రశ్న అది. తర్వాతి వారాల్లో నాయనమ్మ ఒళ్ళోనే ఎక్స్‌రే తీసి, చిగుళ్ళకి మాత్రం మత్తిచ్చి ఆ రెండు పళ్ళూ నింపాను. వచ్చిన ప్రతిసారీ ఆవిడ, "ఆవేళ తప్పయిపోయిందమ్మా" అనేది. తప్పు నాదని ఒక్కసారీ చెప్పలేకపోయాను. ఆ బాధ ఇంకా ఉంది.

అలసట ఇప్పటికీ అంతే. జి.ఎ. తప్పనిసరైన పిల్లలు వస్తూనే ఉంటారు, రాస్తూనే ఉంటాను. కాకపోతే రాసేముందు పెన్ను పక్కనపెట్టి ఒకటి అడుగుతాను.

"ఇంట్లో ఈ పిల్లకి పళ్ళు తోమేది ఎవరండీ? ఆవిడని లోపలికి రమ్మనండి."