లాభం అని కొట్టిన ఉదయం

దెయ్యాల కథలు ఇష్టంగా చదువుతాను గానీ, దెయ్యాలున్నాయని ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మా పెదనాన్నగారికి వన్ టౌన్‌లో బియ్యం గొడౌన్ ఉండేది. లోడ్ల వివరాలు కంప్యూటర్లో ఎక్కించుకోవడానికి చిన్న ప్రోగ్రాం నేనే రాసిచ్చాను. ఆ రోజుకి అది ఎన్నో లోడో ఒక గడిలో కొట్టాలి. పూర్ణసంఖ్య అయితేనే తీసుకుంటుంది. అక్షరాలు పడితే ‘సంఖ్య మాత్రమే వేయండి’ అని ఎర్రగా చూపించి ఆగిపోతుంది.

పెదనాన్న చిన్నప్పటి నుంచీ ధాన్యం కొలతల మధ్య పెరిగారు. కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తర్వాతే రెండు, మూడు. అందుకని రోజూ మొదటి లోడుకి తెలుగులో లాభం అని కొట్టేవారు. ఎర్ర అక్షరాలు వచ్చేవి.

“లాభమంటే ఒకటేనని దానికి చెప్పవే అమ్మా. నువ్వు చెప్తే వింటుంది” అని నవ్వి, అప్పుడు 1 కొట్టేవారు.

మొన్న వేసవిలో ఆయన పోయారు. గొడౌన్ అద్దెకిచ్చేద్దామన్నాడు బాబాయి. పెద్దమ్మ ఒప్పుకోలేదు, తనే కూర్చుంటానంది.

“సరే వదినా, ఒక్కరోజు చూద్దాం. నీవల్ల కాకపోతే మళ్లీ ఈ మాట ఎత్తకూడదు” అన్నాడు.

ఆ ఉదయం నేను పక్కనే ఉన్నాను. మొదటి లారీ వచ్చింది. పెద్దమ్మ 1 కొట్టింది. ఎర్ర అక్షరాలు. పక్కన ఖాళీ ఏమైనా పడిందేమోనని చెరిపి నేను కొట్టాను. అదే. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసినా అదే. బయట లారీ హారన్, దారికి అడ్డమని తోపుడుబండ్లవాళ్ల కేకలు. బాబాయి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“మీ పెదనాన్న ఏం కొట్టేవారే?” అని పెద్దమ్మ మెల్లగా అడిగింది.

చెప్పాను. అది తీసుకోదని కూడా చెప్పాను. ఆమె ఒక్కో అక్షరం వెతుక్కుంటూ లాభం అని కొట్టింది.

తీసుకుంది. తెర మీద 1 అని పడింది.

రెండో లోడు నుంచి అంకెలు మామూలుగానే పడ్డాయి. సాయంత్రం బాబాయి తాళాలు పెద్దమ్మ చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి కోడ్ అంతా చదివాను. నేను రాసింది రాసినట్టే ఉంది. దాన్ని మార్చడం మా ఇంట్లో ఇంకెవరికీ రాదు. లాభం అని కొట్టి చూస్తే వద్దంది. 1 కొడితే తీసుకుంది. మర్నాడు గొడౌన్‌లోనూ అంతే. ఆ ఒక్క ఉదయం ఏం జరిగిందో నాకిప్పటికీ అంతుపట్టలేదు.

పెద్దమ్మ ఇప్పటికీ రోజూ ముందు లాభం అనే కొడుతుంది. ఎర్ర అక్షరాలు వచ్చాక చెరిపి 1 కొడుతుంది. ఆ మాటని కూడా ఒప్పుకునేలా ప్రోగ్రాం మార్చడం నాకు పెద్ద పనేం కాదు. మార్చలేదు. మార్చేస్తే, ఇంకోసారి అలా జరిగినా మాకు తెలియదు.