చిటికెన వేలి నర్సమ్మ

ప్రసూతి వార్డు పెద్ద నర్సమ్మ రోజూ పొద్దున్నే చిటికెన వేలి గోరు మొదలంటా కత్తిరించుకుంటుంది. ఆ వేలే ఆమె పనిముట్టు. ఆవేళ ఒక అత్తగారు పాలపొడి డబ్బా నేలమీద ఠంగుమనిపించి, "మా కోడలికి పాలే లేవమ్మా," అంది. బాలింత కళ్లనీళ్లు కుక్కుకుంది. నర్సమ్మ గ్లవ్ తొడుక్కుని, గుక్కపట్టిన పసివాడి నాలుక కిందికి వేలు పోనిచ్చింది.

"పాలకేం, బోలెడున్నాయి. వీడి నాలుక కింద పొర బిగుసుకుపోయింది పెద్దమ్మా. నాలుక చాచలేనివాడు ఎలా తాగుతాడు?"

డాక్టరమ్మ వచ్చి చూసి, క్షణంలో పొర కత్తిరించింది. నర్సమ్మ బిడ్డను తల్లి రొమ్ముకు పట్టించి, "ఇటొచ్చి చెవి పెట్టండి," అంది. గుటక. మళ్లీ గుటక. వింటూనే అత్తగారు డబ్బాను చప్పుడు కాకుండా కాలితో మంచం కిందికి నెట్టేసింది.