మూత బిగించిన అంబలితో తిరుపతికి

ఉదయం ఆరూ పదికి చిత్తూరు బస్టాండులో తిరుపతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, నేనూ నా భార్య జయమ్మా. నాకు డెబ్బై ఆరు, ఆమెకు డెబ్బై ఒకటి. కొండెక్కడానికి కాదు, దేవుడికి కింద నుంచే దణ్ణం పెట్టుకున్నాం. జయమ్మ మతిమరుపు సంగతి తేల్చుకుందామని పోయాం. మా వయసు వాళ్లలో చాలామంది రేపో మాపో ఇదే దారి పట్టాల్సినవాళ్లు గనక కాస్త వివరంగా రాస్తున్నాను.

మూడు నెలల్లో రెండుసార్లు ఆమె పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయింది. ఒకరోజు సందు చివర అంగడి దాకా పోయి, ఎందుకొచ్చిందో గుర్తురాక ఉత్త చేతులతో తిరిగొచ్చింది. మొన్న నన్ను చూసి "ఏమిరా మునిరత్నం" అంది. మునిరత్నం ఆమె తమ్ముడు. పోయి తొమ్మిదేళ్లయింది. ఇద్దరం నవ్వుకున్నాం గానీ నాకు ఆ పూట అన్నం సయించలేదు.

నా చదువు ఎనిమిదో తరగతి. ముప్పై ఎనిమిదేళ్లు బెల్లం మండీలో కాటా దగ్గర నిలబడ్డాను. మిగతా చదువంతా గ్రంథాలయం బెంచీ మీద. కడుపులో కోట్లకొద్దీ సూక్ష్మజీవులుంటాయనీ, మనం పెట్టిందే అవి తింటాయనీ, వాటికీ మెదడుకూ మాటామంతీ నడుస్తుందనీ రెండేళ్ల కిందటే చదివి వీధంతా చెప్పాను. ఎవరు విన్నారు? మా నాయన కాలంలో పొద్దున లేస్తే పులిసిన రాగి అంబలి, సద్ది సంగటి, నంజుకోవడానికి ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ. బడిలో మమ్మల్ని అంబలిగాళ్లని ఎగతాళి చేసిన వాళ్ల మొహాలు ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నాయి. ఆ రోజు బ్రెడ్డు ముక్క గొప్పదన్నవాళ్ల మనవళ్లే ఈ రోజు అదే అంబలిని గాజు గ్లాసులో పోసి హోటళ్లలో అమ్ముతున్నారు! మనిషికి కోపం వస్తుందా, రాదా?

అందుకే రెండేళ్లుగా మా వంటింట్లో నా ఏలుబడి. పొద్దున అంబలి, మధ్యాహ్నం సంగటి, ఆకుకూర పప్పు, రెండు కాయగూరలు, మజ్జిగ. ఏ రోజు ఏం తిన్నదీ నోటుబుక్కులో ఎక్కిస్తాను. డాక్టరుకు చూపిద్దామని ఆ నోటుబుక్కును సంచిలో పెట్టుకున్నాను. లీటరు స్టీలు సీసా నిండా అంబలి పోసి, ఒలక్కూడదని మూత శక్తికొద్దీ బిగించాను.

బస్సులో కండక్టరు ఒక ఆడమనిషి. ఆడవాళ్లకు బస్సు ఉచితం గనక, జయమ్మ ఆధార్ చూసి సున్నా టికెట్టు కొట్టింది. నాకేమో వయసుకు పావు వంతు తగ్గించి, మిగతాది కట్టమంది.

"ఆమెను డాక్టరుకు చూపించేదానికి నేను తోడొస్తా ఉండాను తల్లీ. తోడుకు కూడా టికెట్టా?" అన్నాను.

"చట్టం నేను రాసినానా పెద్దాయనా?"

జయమ్మ ఊరుకుందా? "మా ఇంట్లో ఇంకో చీర ఉండాది తల్లీ. ముందే చెప్పింటే ఈయనకి కట్టి తీసుకొస్తా ఉంటిని," అంది. ముందు మూడు వరుసలూ నవ్వాయి. నేనూ నవ్వాను, టికెట్టు డబ్బులు ఇచ్చిన తర్వాత.

పాకాల దాటేసరికి ఎండ నేరుగా మా కిటికీ మీద పడింది. సీసా నా ఒళ్లో కాగుతోంది. చంద్రగిరి కొండలు కనబడే వేళకు, కొంచెం తాగుదామని మూత తిప్పాను. అది సగం తిరిగిందో లేదో, బుస్సుమని అంబలి పైకి లేచి, బస్సు కప్పుకు తగిలి, అటు పక్క సీట్లో కూర్చున్న పెద్దమనిషి బట్టతల మీద దిగింది.

"ఏందప్పా ఇది! కల్లు తెస్తా ఉండావా?" అని ఆయన అరిచాడు.

"కల్లు కాదప్పా, రాగి అంబలి. పులిసింది. దాంట్లో ఉండేవన్నీ ప్రాణాలతో ఉంటాయి. గాలి వదుల్తాయి."

"వదిల్తే వదిల్నీ, నా నెత్తి మిందేనా?" అంటూ ఆయన చెంప మీదుగా జారుతున్న చుక్కను వేలితో తీసి నోట్లో పెట్టుకున్నాడు. కాసేపు చప్పరించి తీర్పు చెప్పాడు: "ఉప్పు సాల్లేదు."

జయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు కారేదాకా నవ్వింది. పెళ్లయిన కొత్తలో నేను సైకిలుతో సహా పిల్లకాలవలో పడ్డప్పుడు ఇట్లాగే నవ్వింది. రెండేళ్లు ఆ జీవుల గురించి ఊరికి పాఠాలు చెప్పినవాణ్ణి, అవి గాలి వదులుతాయని తెలిసీ మూత బిగించాను. కండక్టరు వచ్చి చూసి, "తుడిసేది నువ్వే తాతా," అని తీర్మానించింది. నా కొత్త తువ్వాలు దానికి ఖర్చయింది. సీసాలో సగం మిగిలింది.

ఎనిమిదిన్నరకు తిరుపతిలో దిగాం. ఇడ్లీ తిని, ఆటోలో ఆసుపత్రి చేరేసరికి తొమ్మిదిన్నర. పదింపావుకు పిలిచారు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడింది. ఐదు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది: గొడుగు, నిమ్మకాయ, మంచం, కాకి, రైలు. తర్వాత కాగితమిచ్చి గడియారం బొమ్మ గీయమంది. జయమ్మ ముందు గుండ్రంగా పన్నెండు చుక్కలు పెట్టి, వాటిని కలుపుతూ ముగ్గు వేసినట్టు గీత తిప్పింది. "ఇంత చక్కటి గడియారం ఇక్కడ ఎవరూ వెయ్యలేదమ్మా," అంది డాక్టరమ్మ.

ఇంకాసేపటికి ఆ ఐదు మాటలూ అడిగింది. "నిమ్మకాయ. మంచం. కాకి," అంది జయమ్మ. ఆగింది. పైట అంచు వేలికి చుట్టుకుంది. నేను పెదాలు కదిపాను.

"నాయనా, పరీక్ష మీకు కాదు," అంది డాక్టరమ్మ.

మిగతా రెండూ రాలేదు. మా తిండిలో ఏ లోటూ లేదని రుజువు చేద్దామని గబగబా నోటుబుక్కు తీసి ముందు పెట్టాను. ఆమె నాలుగు పేజీలు శ్రద్ధగా చదివింది.

"చాలా బాగుంది. మరి ఈమె నిన్న ఏం తినింది?"

"దాంట్లోనే ఉంది కదమ్మా."

"ఇది మీరు తిన్నది. అమ్మా, నువ్వు చెప్పు."

జయమ్మ నా వైపు చూసి, తర్వాత నేల వైపు చూసింది. "పొద్దున కాఫీ. పదకొండుకు ఇంకో కాఫీ, రెండు బిస్కట్లు. ఈయన తిన్నాక రవంత అన్నం, ఊరగాయ. రేత్రికి అదే."

"సంగటి?"

"ఈయన మట్టుకు కెలుకుతా."

"పప్పు, కూరలు?"

"మిగిలితే తింటా. మిగిలేది తక్కువ."

"అంబలి?"

"అది ఈయన మందు కదమ్మా," అంది, నన్ను వెనకేసుకొస్తున్నట్టు.

రెండేళ్ల తిండి రాశాను ఆ నోటుబుక్కులో. ఆమె తిన్నది ఒక్క పూట లేదు. మగవాళ్లు లేచిన తర్వాతే మా అమ్మా తినేది. ఏం తినేదో మా నాయనకు తెలీదు, నాకూ తెలీదు. అరవై ఏళ్ల కిందట బడిలో ఎవడేమన్నాడో గుర్తుంది గానీ, నిన్న నా ఎదురుగా కూర్చోకుండా నిలబడి వడ్డించిన మనిషి ఏం తిన్నదో నాకు తెలీదు. ఊరందరి మీదా పడే కోపం ఆ నిమిషం తిన్నగా ఇంటికొచ్చింది.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఇప్పుడే దీనికి జబ్బని పేరు పెట్టలేనంది. బి12, థైరాయిడ్ చూడాలని రక్తం తీయించింది. అవి తగ్గినా మతి మసకబారుతుందట. కడుపులో జీవులకూ మెదడుకూ సంబంధం ఉందనే అంటున్నారు గానీ ఇంకా తేలాల్సింది చాలా ఉందట, అంబలి మతిమరుపుకు మందని ఎవరూ చెప్పలేరట. "కానీ నాయనా, మీ పుస్తకంలో ఉండే భోజనం మంచిది. అదే ఈమెకు పెట్టండి. ఇద్దరూ నడవండి, నలుగురితో మాట్లాడండి," అంది. ఫలితాలు గురువారం వస్తాయి.

ఒంటిగంటకు గోవిందరాజస్వామి గుడి దగ్గరున్న ఒక మెస్సుకు పోయాం. వడ్డించే అబ్బాయితో "ముందు ఈమెకు," అని, నా ఆకు బోర్లించి కూర్చున్నాను. జయమ్మ పాలకూర పప్పుతో మొదటి ముద్ద కలిపి ఆగిపోయింది.

"ఏందయ్యో, నా నోట్లోకి అట్ట సూస్తా ఉంటే ముద్ద యాడ దిగుతాది?"

"దిగుతాది, తిను."

"తాతకు ఉపవాసమా?" అన్నాడు వడ్డించే అబ్బాయి.

"కాదు నాయనా, శిక్ష," అంది జయమ్మ. పప్పు రెండోసారి వేయించుకుంది, బీన్స్ పొరియల్ మూడోసారి. నాకు రసం దాకా వచ్చేసరికి రెండు దాటింది. ఆ ఆకలిలో ఇంత రుచి ఉంటుందని నాకు తెలీదు.

ఆ వీధిలోనే మా ఇంటి అంబలి కుండకు రెట్టింపు ఉండే మట్టికుండ ఒకటి కొన్నాం. మూడుంపావు బస్సు ఎక్కాం. పొద్దుటి కండక్టరే. "తాతా, ఆ బాంబు ఇంకా ఉండాదా?" అంది. ఈసారి మూత వదులుగా ఉందని ఎత్తి చూపించాను. కుండ నా ఒళ్లో, సీసా జయమ్మ చేతిలో. ఆమె తాగింది, నాకిచ్చింది. "ఆయప్ప సెప్పింది నిజమే, ఉప్పు సాల్లేదు," అంది.

పాకాల దగ్గర రోడ్డు పక్క పట్టాల మీద బండి ఒకటి పోతోంది. జయమ్మ సీట్లోంచి లేచి "రైలు!" అని కేక పెట్టింది. బస్సంతా తిరిగి చూసింది. వాళ్లకేం తెలుసు, అది పొద్దున రాని రెండు మాటల్లో ఒకటని!

"ఇంకోటి?" అన్నాను.

"నువ్వు సెప్పు సూద్దాం. పొద్దున నోరు తెగ కదిలిస్తివే."

చెప్పబోయాను. నిమ్మకాయ, మంచం, కాకి, రైలు. ఐదోది లేదు. కళ్లు మూసుకున్నా లేదు, కుండ మీద వేళ్లతో దరువేసినా లేదు. కాణిపాకం క్రాసు కూడా వచ్చింది.

"గొడుగు," అంది జయమ్మ నెమ్మదిగా. "మెస్సులోనే గుర్తొచ్చింది."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు సెప్పినాక సెబుదామని ఆగినా."

నవ్వబోయి ఆగాను. యాభై రెండేళ్లుగా అన్నానికి ఆగినట్టే మాటకు కూడా ఆగింది.

ఈ దారిన పోయేవాళ్లకు నేను చెప్పేది: పులిసిన దాని మీద మూత బిగించకండి. డాక్టరు మీ ఆడవాళ్లను అడిగితే మీరు జవాబు చెప్పకండి. గురువారం ఏం వస్తుందో నాకు తెలీదు. చిత్తూరు వచ్చేలోపల నోటుబుక్కు తీసి, కొత్త పేజీలో పైన జయమ్మ అని రాసి, కింద మొదటి పద్దు ఎక్కించాను: సాయంత్రం, బస్సులో, అంబలి ఒక గ్లాసు. ముందు ఆమె తాగింది.