అత్త అడిగిన ఫోటో

బేరంలో నన్ను మించినవాడు పలాస బజారులో లేడని చెప్పుకుంటూ ఉంటాను. అందుకు తగ్గ ఘనకార్యం కూడా ఒకటుంది. డయాలసిస్ మీద బతుకుతున్న మా మేనత్తకు పట్టుచీర మార్పించి, వెలిసిన చీర కట్టించి ఫోటో తీయించింది నేనే. మొన్న టెక్కలిలో ఒక కాలేజీ ప్రదర్శనలో ఆ ఫోటో గోడంత కనిపించింది. కింద ‘ఉద్దానం తల్లి’ అని రాశారు, పేరు లేదు. పక్కనున్న విద్యార్థిని “ఆ కళ్ళు చూడండి సార్, ఎంత బాధో” అంది. “అవునమ్మా” అన్నాను. ఏడుపొస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. రాలేదు. బయటికొచ్చి టీ తాగాను.

మాది జీడిపప్పు కొట్టు. కొనేవాడి ముందు రెండు రకాలు పక్కపక్కన పెట్టకూడదని, నిండు గుండుపప్పు చూసినవాడు విడిపోయిన బద్దకు ధర కట్టడని చిన్నప్పుడే నేర్చుకున్నాను. నా బుర్రలో ఇంతకుమించి తత్వం లేదు. నీళ్ళ వల్లే అంటున్న మా ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పత్రికకు ఫోటోలు కావాలని పట్నం నుంచి ఒక ఫోటోగ్రాఫరు వస్తే, నా బండి మీదే అత్త ఊరికి తీసుకెళ్ళాను. ఫోటో చూసి పైవాళ్ళు కదిలితే వాళ్ళ వీధికి మంచినీళ్ళు వస్తాయని నా ఆశ.

అత్త అప్పటికే ముస్తాబై కూర్చుంది. మెడ దాకా పౌడరు, తలలో కనకాంబరాలు, పెళ్ళిళ్ళకు మాత్రమే పెట్టెలోంచి తీసే వంకాయరంగు పట్టుచీర. సూదులు పొడిచే చేతిని కొంగుతో కప్పుకుంది.

“ఏటత్తా, పెళ్ళికెల్తన్నావేటి?” అన్నాను.

“సచ్చాక గోడకెట్టడానికి ఒక ఫొటో ఉండాల కదరా అల్లుడా. ఆధార్ కార్డులో సూడు, కోళ్ళ దొంగలాగున్నాను,” అని పకపకా నవ్వింది.

ఫోటోగ్రాఫరు మంచివాడు. “ముందు ఇలాగే ఒకటి తీసిస్తానమ్మా” అని కెమెరా ఎత్తాడు. నేనే అడ్డుపడ్డాను. ఇదీ ఆయన దగ్గరుంటే పత్రికవాళ్ళు దీన్నే వేస్తారు, చూసినవాళ్ళు ఈవిడకేం జబ్బంటారు. “పాతసీర కట్టుకో అత్తా, నవ్వకు. నీళ్ళొచ్చాక నీ ఫొటో నాను తీయిస్తాను” అన్నాను.

“పాతసీర కడితే నిజం, మంచిసీర కడితే అబద్దమేట్రా?” అంది. వీధి కోసమని బతిమాలితే లోపలికెళ్ళి మార్చుకుంది. పౌడరు కడుక్కుంది.

ఫోటో అచ్చయింది. ఆఫీసర్లు వచ్చారు. వానలు పడేలోపు వీధిలో శుద్ధిచేసిన నీళ్ళ కుళాయి వేశారు. డయాలసిస్‌కని పలాస వచ్చినప్పుడల్లా అత్త కొట్టు ముందు ఆగి “నా ఫొటో ఏదిరా?” అనేది. సెల్లులో తీస్తానంటే ఒప్పుకునేది కాదు, పెద్ద కెమెరానే కావాలి. జీడి సీజను కదా, వచ్చేవారం అనేవాణ్ణి. స్టూడియో మా కొట్టుకు నాలుగు అడుగుల దూరం. మూడు సీజన్లు గడిచాయి. అత్త పోయింది.

పదోరోజుకు ఫోటో కావలసి, అత్త కొడుకు, అంటే మా బావ, ఆ పత్రిక ముక్కనే స్టూడియోకు తెచ్చాడు. స్టూడియో ఆయన కంప్యూటరులో వెలిసిన చీర తీసేసి, అత్తకు ఏనాడూ లేని ఆకుపచ్చ పట్టుచీర వేశాడు.

“కాస్త నవ్వు ఎట్టగలవేటి?” అన్నాడు బావ.

“మొకం మారిపోద్దండి, మీయమ్మలాగుండదు.”

బావ నా వైపు చూశాడు. “బాగుంది బావా” అన్నాను.

నిజాయితీగా చెప్పాలంటే, నీళ్ళు వచ్చాయి, ఇప్పటికీ వస్తున్నాయి. అందులో నా వాటా తగ్గించుకోను. అత్త నన్ను అడిగింది ఒక్కటే, అది ఇవ్వలేదు. దీనికీ దానికీ చెల్లు వేయడం నాకు చేతకాలేదు. ఆ రోజు ఆవిడ నవ్వింది, నా కళ్ళతో చూశాను. ఏళ్ళు గడిచేకొద్దీ ఎంత తలుచుకున్నా, నేను నవ్వొద్దన్నాక ఫోటోలో పడ్డ ముఖమే గుర్తొస్తోంది.