అంబులెన్స్ కంటే ముందు చేరిన సైకిల్

హఫీజ్‌పేట్‌లోని మా ఇంటి నుంచి హైటెక్ సిటీలోని ఆఫీసుకు నేను సైకిల్ మీదే వెళ్తాను. కార్లలో వచ్చేవాళ్లకంటే ముందే చేరతానని మహా గర్వం నాకు. "గంత ఉరుకుడేంది బిడ్డా, జర మెల్లగ పో" అని అమ్మ రోజూ గుమ్మంలో నిలబడి చెప్పేది.

పోయిన వానాకాలంలో ఒక ఉదయం అమ్మకు గుండెనొప్పి వచ్చింది. అంబులెన్స్‌లో తోడుగా ఒక్కరే ఎక్కాలన్నారు. తమ్ముడు ఎక్కాడు. నేను వెనకాలే సైకిల్ తీశాను.

కొత్తగూడ దగ్గర అంబులెన్స్ ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. కార్ల అద్దాలు కొట్టి, "అన్నా, అండ్ల మా అమ్మ ఉంది, జర జరుగుండ్రి" అని బతిమాలాను. ఒకాయన అద్దం దించి, "ఎక్కడికి జరగాలండీ? మీరే చూడండి" అన్నాడు. నిజమే, ముందు అంగుళం చోటు లేదు. తమ్ముడు తలుపు తెరిచి అరిచాడు: "అన్నా, నువ్వు ముందుగాల పో! డాక్టర్లను రెడీగ ఉండుమను!"

పోయాను. జన్మలో అంత వేగంగా తొక్కలేదు. నేను చెప్పగానే ఆస్పత్రి వాళ్లు స్ట్రెచర్ తీసుకుని గేటు దగ్గరికి వచ్చేశారు. అందరం రోడ్డు వైపే చూస్తున్నాం. దూరంగా సైరన్ వినిపిస్తూనే ఉంది, దగ్గరికి మాత్రం రావడం లేదు. కాసేపటికి అదీ ఆగిపోయింది. పక్కనున్న నర్సు తల దించుకుంది. చివరికి అంబులెన్స్ వచ్చింది, సైరన్ లేకుండా.

ఇప్పటికీ అదే దారి, అదే సైకిల్. "కారుకన్నా ముందొస్తవ్, కిరాక్ భాయ్!" అంటుంటారు ఆఫీసులో. ఆ రోజు ముందొచ్చి నేనేం చేశానో వాళ్లకు తెలియదు. ఖాళీ స్ట్రెచర్ పట్టుకుని నిలబడ్డాను.